పేరు వెనక ఎవరూ లేరు

ఆసుపత్రిలో ఆమెను అందరూ హలో అక్క అనేవారు. పదకొండేళ్ళ పాటు ఆ ఆసుపత్రికి ఎవరు ఫోను చేసినా మొదట వినపడిన గొంతు ఆమెదే. నేలమాళిగలో, దుప్పట్లు ఉతికే గది పక్కన, కిటికీ లేని చిన్న గదిలో స్విచ్‌బోర్డు ముందు కూర్చుని నాలుగు వందల పన్నెండు ఎక్స్‌టెన్షన్లు నోటికి నేర్చుకున్న మనిషి. ఎముకల డాక్టరుగారు కావాలని అవతల నుంచి సగం మాట వినపడేసరికి ఆమె చెయ్యి దానంతటదే రెండు వందల ముప్ఫై ఆరు మీదకు పోయేది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనపడేది కాదు.

ఒకనాడు స్విచ్‌బోర్డు తీసేశారు. పరిపాలనాధికారి పిలిపించి, స్టోరుకి వెళ్తారా, కంప్యూటర్ల గదికి వెళ్తారా అని అడిగాడు. స్టోర్లో ఏసీ ఉందా అని ఆమె అడిగింది. లేదన్నాడు. కంప్యూటర్ల గదిలో ఉందన్నాడు, అయితే అది కంప్యూటర్ల కోసమని కూడా చెప్పాడు. ఎవరి కోసమైతేనేం అనుకుని ఆమె అక్కడికే వెళ్ళింది. ఆమె వృత్తి మార్చుకోవటం గురించి చెప్పుకోవలసింది ఇంతే.

అప్పటికి ఆమెకు ముప్ఫై ఎనిమిదేళ్ళు. మొదటి రెండేళ్ళూ ప్రింటర్లలో ఇరుక్కున్న కాగితాలు లాగింది. ఆ గదిలో రిటైరవటానికి దగ్గర పడ్డ పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఆయన ఆమెకు నేర్పిందల్లా ఒకటే: ఏది పని చెయ్యకపోయినా సరే, ఎవరు ఎవర్ని అడుగుతున్నారు, ఎక్కడ జవాబు రావటం లేదు అన్నది ముందు కాగితం మీద రాసుకోవాలి, ఆ తరవాతే కీబోర్డు ముట్టుకోవాలి. స్విచ్‌బోర్డు మీద చేసిన పనీ అదే కాబట్టి ఆమెకు కొత్తగా అనిపించలేదు. నలభై ఏడేళ్ళు వచ్చేసరికి ఆసుపత్రి క్లస్టరు మొత్తం ఆమె చేతిలో ఉంది.

క్లస్టరంటే ఏమిటని భర్త ఒకసారి భోజనాల దగ్గర అడిగాడు. ఆయన స్కూలు బస్సు నడిపేవాడు. అడిగిన దానికి జవాబు చివరిదాకా వినే అలవాటున్న మనిషి. ఆమె చెప్పింది: పది పన్నెండు యంత్రాలను కలిపి ఒకే యంత్రంలా వాడతారు. ఒక్కో ప్రోగ్రామునూ ఒక్కో పెట్టెలో పెట్టి అందులో నడుపుతారు, ఆ పెట్టెను కంటైనరంటారు. పెట్టెలు ఊరికే చచ్చిపోతుంటాయి, వాటి చోట కొత్తవి పుడుతుంటాయి, పుట్టిన ప్రతిసారీ చిరునామా మారిపోతుంది. అందుకని అడగటానికి వచ్చే వాళ్ళకు పెట్టె చిరునామా ఇవ్వరు, ఎప్పటికీ మారని పేరు ఒకటి ఇస్తారు. దాన్ని సర్వీసంటారు. ప్రతి పెట్టెకూ ఒక చీటీ అంటించి ఉంటుంది. ఫలానా చీటీ ఉన్న పెట్టెలన్నీ నీవి అని సర్వీసుకు రాసిపెడతారు. పేరు పెట్టి అడిగిన వాళ్ళను అది ఆ పెట్టెల్లో ఏదో ఒకదాని దగ్గరికి పంపుతుంది.

ఆయన అంతా విని, మరి ఎందుకు చచ్చిపోతుంటాయని అడిగాడు. ఏదో ఒకటి అవుతుంటుందని ఆమె చెప్పింది.

"బస్సయితే ఊరుకోరు" అని ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఆమె పై అధికారికి ఆసుపత్రిలో రీస్టార్ట్ సారని పేరు. ఆయనకు ఆ పేరు తెలుసు, పట్టించుకోడు. తన ఉద్యోగంలో వచ్చిన ఇబ్బందుల్లో పదింటికి ఎనిమిది ఆపి మళ్ళీ మొదలుపెడితే పోయాయని లెక్క చెప్పేవాడు. మిగిలిన రెండింటి సంగతి ఏమిటని ఎవరూ అడగలేదు.

ఇక ఇంట్లో మామగారు. ఆయన భూములు కొలిచే సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు. రెండేళ్ళ కిందట మూత్రపిండాలు చేతులెత్తేశాయి. అప్పటి నుంచి మంగళ, గురు, శనివారాలు పదకొండింటికి కోడలు పని చేసే ఆసుపత్రిలోనే రెండో అంతస్తులో డయాలిసిస్ కుర్చీలో కూర్చుంటాడు, నాలుగు గంటలు. పొలాలు కొలిచినంత పట్టింపుగా తాగే నీళ్ళు కొలుచుకుంటాడు. ఎవరి గురించీ ఫిర్యాదు చెయ్యడు కానీ, గోడ గడియారం రెండు నిమిషాలు వెనకుందని నర్సులకు వారానికి మూడుసార్లు చెబుతాడు.

డయాలిసిస్ వాళ్ళు వాడే ప్రోగ్రాముకు కుర్చీల పట్టిక అని పేరు. ఆ ఆసుపత్రికి ఊళ్ళో ఆరు కేంద్రాలు, వాటిల్లో తొంభై నాలుగు కుర్చీలు. ఏ రోగి ఏ కుర్చీలో ఎన్నింటికి కూర్చోవాలి, ఒంట్లోంచి ఎంత నీరు తియ్యాలి, ఎవరికి ఏ మందు పడదు, కామెర్ల వైరస్ ఉన్న వాళ్ళకు విడిగా ఉంచిన యంత్రాలేవి, అన్నీ అందులోనే ఉంటాయి. అది లేకుండా ఎవర్నయినా కూర్చోబెట్టటం అంటే కళ్ళకు గంతలు కట్టుకుని సూది గుచ్చటమే.

ఆ ప్రోగ్రాము పెట్టెలకు అంటించే చీటీ మీద డయాలిసిస్ అన్న మాటకు స్పెల్లింగు తప్పుంది. ఎప్పుడో మొదట రాసినవాడు వై ఉండాల్సిన చోట ఐ పెట్టాడు. ఆ తరవాత వచ్చిన వాళ్ళంతా దాన్నే ఎక్కించుకుంటూ పోయారు. పదమూడు ఫైళ్ళలో ఆ తప్పు పదిలంగా ఉంది. తప్పే అయినా అన్నిచోట్లా ఒకేలా ఉంది కాబట్టి పని నడిచిపోతోంది. హలో అక్కకు మాత్రం అది కంట్లో నలుసులా ఉండేది. పదకొండేళ్ళు ఫోన్లో రోగుల పేర్లు అక్షరం అక్షరం చెప్పి రాయించిన మనిషి, ఒక అక్షరం అటూ ఇటూ అయితే ప్రాణం ఒప్పేది కాదు. దిద్దుతానని రీస్టార్ట్ సారును అడిగింది. నడుస్తున్న దాన్ని ఎందుకు కెలకటం అన్నాడాయన. నాలుగు నెలలు నెలకోసారి అడిగింది. చివరికి పట్టిక తయారుచేసిన సాఫ్ట్‌వేర్ కంపెనీ కొత్త ప్రోగ్రాము పంపుతోంది కాబట్టి, ఎలాగూ కెలుకుతున్నాం, ఆ అక్షరం కూడా మార్చుకోండని ఒప్పుకున్నాడు.

సోమవారం మధ్యాహ్నం ఆమె కూర్చుని ఫైళ్ళు దిద్దింది. కొత్త ప్రోగ్రామును కొత్త పెట్టెల్లో, సరైన స్పెల్లింగు చీటీతో నిలబెట్టింది. ముందు జాగ్రత్తగా పాత పెట్టెలను కూడా పక్కనే ఉంచి, పొద్దున్న ఏడున్నరకు అవి వాటంతటవే తొలగిపోయేలా, ఆ వెంటనే రోగుల వివరాలన్నీ దాచి ఉంచే డేటాబేసు కొత్త ప్రోగ్రాముకు కావలసిన రూపంలోకి మారేలా ఏర్పాటు చేసింది. ఆరు కొట్టకముందే ఇంటికి వెళ్ళింది. ఆ సాయంత్రం ఆమె మనసు తేలిగ్గా ఉందనే చెప్పాలి.

మంగళవారం ఏడూ నలభైకి డయాలిసిస్ నుంచి ఫోనొచ్చింది. చేసింది పెద్ద సిస్టర్. ఆ విభాగాన్ని పద్దెనిమిదేళ్ళుగా నడుపుతున్న హెడ్ నర్సు. తెర మీద సర్వీసు అందుబాటులో లేదని వస్తోందని చెప్పింది. ఆరింటికి మొదలైన వాళ్ళు ముందే కుర్చీల్లో ఉన్నారు, వాళ్ళ వివరాలు ముందే చూసుకున్నారు కాబట్టి ఫరవాలేదు. పదకొండింటి వాళ్ళను మాత్రం పట్టిక కళ్ళతో చూడందే కూర్చోబెట్టనని చెప్పి పెట్టేసింది. అది మంగళవారం. శనివారం తరవాత మూడు రోజుల ఎడం. వాళ్ళలో ప్రతి ఒక్కరి ఒంట్లోనూ ఆ రోజు నీరు మామూలు కంటే ఎక్కువే ఉంటుంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పొద్దున్న మామగారి పాదాలు చూసే వచ్చింది.

తెర ముందు కూర్చుని క్లస్టరును అడిగింది. కొత్త పెట్టెలు నాలుగూ నడుస్తున్నాయని, నాలుగింటి ఆరోగ్యమూ బాగుందని పచ్చ రంగులో జవాబొచ్చింది. రీస్టార్ట్ సారు ఎనిమిదీ అయిదుకి ఒకసారి అన్నీ ఆపి మొదలుపెట్టాడు. మళ్ళీ పచ్చగానే వచ్చాయి, మళ్ళీ ఎవరికీ అందలేదు. ఎనిమిదీ ఇరవైకి రెండోసారి చేశాడు. పోనీ పాతదానికే వెళ్ళిపోదామా అన్నాడు. డేటాబేసు ఏడున్నరకే కొత్త రూపంలోకి మారిపోయింది, పాత ప్రోగ్రాము ఇప్పుడు దాన్ని చదవలేదు, వెనక్కి తిప్పటానికి ఒక పూట పడుతుందని ఆమె చెప్పింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, అయితే ఇది ఆ మిగిలిన రెండింట్లోదన్నమాట అన్నాడు.

ఆమె కాగితం తీసి ఒకదాని కింద ఒకటి రాసింది: నర్సు తెర, క్లస్టరులోకి వచ్చే బయటి ద్వారం, సర్వీసు, పెట్టె, డేటాబేసు. కింద నుంచి మొదలుపెట్టింది. డేటాబేసును అడిగితే పలికింది. ఒక పెట్టె లోపలికి దూరి, అందులోంచే ప్రోగ్రామును అడిగితే పట్టిక ఠకీమని వచ్చింది. రోగుల పేర్లు, కుర్చీలు, అన్నీ ఉన్నాయి. అంటే సరుకు భద్రంగా ఉంది. అక్కణ్ణుంచి బయటికొచ్చి, పక్కనున్న వేరే ప్రోగ్రాము పెట్టెలోకి వెళ్ళి, అక్కడి నుంచి పట్టికను పేరు పెట్టి పిలిచింది. పేరు తెలుసన్నట్టు చిరునామా వచ్చింది కానీ ఆ చిరునామా దగ్గర తలుపు మూసి ఉంది.

అప్పుడు ఆమె సర్వీసునే అడిగింది, నీ వెనక ఎవరెవరున్నారని. నాలుగు చిరునామాలు ఉండాల్సిన చోట, ఎవరూ లేరని వచ్చింది.

తొమ్మిదీ పది అయింది. సర్వీసు ఫైలు తెరిచి, అది వెతుకుతున్న చీటీ మీద అక్షరాలు ఒక్కొక్కటే చదివింది. వై ఉండాల్సిన చోట ఐ. నిన్న ఆమె పన్నెండు ఫైళ్ళు దిద్దింది. పదమూడోది ఇది. పెట్టెలన్నిటికీ సరైన స్పెల్లింగు చీటీలు అంటించింది, వాటిని వెతికే సర్వీసు మాత్రం ఇంకా పాత తప్పు చీటీ కోసమే చూస్తోంది. పాత పెట్టెలు ఉన్నంతసేపూ వాటికి ఆ తప్పు చీటీ ఉంది కాబట్టి తెల్లారేదాకా ఏ ఇబ్బందీ తెలియలేదు. ఏడున్నరకు అవి పోయాయి. పేరు మిగిలింది, దాని వెనక ఎవరూ మిగల్లేదు.

ఎవరో చేసిన తప్పు కోసం గంటన్నర నుంచి వెతుకుతున్న మనిషికి, వెతికి వెతికి తన చేతి రాతే ఎదురైతే ఎలా ఉంటుందో అలా ఉంది. మంచినీళ్ళు తాగి, ఐ తీసి వై పెట్టింది. మళ్ళీ అడిగింది. వెనక నలుగురున్నారని నాలుగు చిరునామాలూ వచ్చాయి. దొరికిందండీ, నేనే ఒక ఫైలు వదిలేశానని రీస్టార్ట్ సారుతో చెప్పింది. ఆయన పెద్ద ఊపిరి విడిచి వెంటనే పెద్ద సిస్టరుకు ఫోను చేసి, అంతా సర్దుకుందని చెప్పేశాడు.

ఆయన ఫోను పెట్టేలోపు ఆమె పక్క పెట్టె నుంచి మళ్ళీ పిలిచి చూసింది. తలుపు ఇంకా మూసే ఉంది.

పది గంటలకు పెద్ద సిస్టర్ లిఫ్టు కోసం కూడా ఆగకుండా, స్వయంగా పై అంతస్తులోని కంప్యూటర్ల గదికి మెట్లెక్కి వచ్చింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, ఊరికే రాదు. సర్దుకుందని ఎవరు చెప్పారని అడిగింది. రీస్టార్ట్ సారు హలో అక్క వైపు చూశాడు.

"సగం సర్దుకుంది సిస్టర్" అంది హలో అక్క.

"సగం కుర్చీలో నేనెవర్నీ కూర్చోబెట్టను. కింద పదిహేడు మంది వచ్చి కూర్చున్నారు. నేనేం చెప్పను వాళ్ళకి? మీరే వచ్చి చెప్పండి."

సాంకేతిక కారణాలని చెప్పండి సిస్టర్ అని రీస్టార్ట్ సారు సలహా ఇచ్చాడు. ఆ మాట చెప్పటానికి ఈవిడ ఎందుకు, నేను చాలనని ఆవిడ తలుపు దగ్గరే నిలబడింది. హలో అక్క లేచి వెంట వెళ్ళింది.

రెండో అంతస్తు హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, బరువు చూసే బల్ల, శబ్దం తీసేసిన టీవీ ఉన్నాయి. మామగారు మూడో వరసలో ఉన్నాడు. బూట్లు పట్టక చెప్పులతో వచ్చాడు. పక్కనున్న టాక్సీ డ్రైవరుకు, మా కోడలు పైన చూస్తోంది, కాసేపట్లో అయిపోతుందని భరోసా ఇస్తున్నాడు. స్విచ్‌బోర్డు రోజుల్లో ఆమె వేలమందితో మాట్లాడింది కానీ, ఎవరి ముఖమూ చూస్తూ మాట్లాడలేదు. గొంతు సవరించుకుంది.

"అందరూ ఒక్క నిమిషం వినండి. డయాలిసిస్ పట్టిక తెరుచుకోవటం లేదు. నిన్న నేను కొన్ని ఫైళ్ళు మార్చాను. అందులో ఒకటి వదిలేశాను, అది నా తప్పు. దాన్ని ఇప్పుడు సరిచేశాను. అయినా ఇంకేదో అడ్డం పడుతోంది. అదేంటో ఇంకా తెలియలేదు."

ఎంతసేపు పడుతుందని టాక్సీ డ్రైవరు అడిగాడు. తెలియదంది. ఉజ్జాయింపుగా చెప్పమన్నాడు. ఉజ్జాయింపుగా కూడా తెలియదంది. అతను లేచి, అయితే గురువారమే వస్తానని సంచీ తగిలించుకున్నాడు. పెద్ద సిస్టర్ అడ్డం వెళ్ళి, మూడు రోజుల ఎడం మీద మళ్ళీ రెండు రోజులంటే ఏమవుతుందో తెలుసా అని నచ్చజెప్పబోయింది. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.

ముందు వరసలో ఒక ముసలావిడ ఇదంతా శ్రద్ధగా వింది.

"అంటే ఒకటి నువ్వు చేశావు. రెండోది?"

"వెతుకుతున్నానండీ."

"మరిక్కడ నిలబడితే ఎలా దొరుకుతుంది? వెళ్ళి వెతుకు."

మామగారు అంతదాకా టీవీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆమె పక్క నుంచి వెళ్తుంటే, అమ్మాయ్, రెండు చివర్ల నుంచీ కొలుచుకుంటూ రా, తేడా మధ్యలో తేలుతుంది అన్నాడు. అదే చేస్తున్నాను మామగారూ అంది. అయితే సరేనని ఆయన మళ్ళీ టీవీ వైపు తిరిగాడు.

పైకి వచ్చి ఆమె సర్వీసును పక్కన పెట్టింది. పేరుతో పని లేకుండా, నాలుగు పెట్టెల్లో ఒకదాని చిరునామాను నేరుగా తీసుకుని, పక్క పెట్టె నుంచి దాన్నే పిలిచింది. తలుపు మూసి ఉంది. అదే పెట్టె లోపలికి వెళ్ళి అక్కడే పిలిస్తే ఠకీమని పలికింది. బయటికొచ్చి పిలిస్తే లేదు, లోపలికెళ్ళి పిలిస్తే ఉంది. మూడుసార్లు అలా లోపలికీ బయటికీ తిరిగింది. అప్పుడు ప్రోగ్రాము ఏ చిరునామా మీద చెవి పెట్టి కూర్చుందో చూసింది. ప్రతి యంత్రానికీ, ప్రతి పెట్టెకూ తనను తాను పిలుచుకునే చిరునామా ఒకటి ఉంటుంది, అది గడప దాటదు. కొత్త ప్రోగ్రాము దాని మీదే కూర్చుని ఉంది. తనతో తానే మాట్లాడుకుంటోంది. ఆరోగ్యం ఎలా ఉందని క్లస్టరు అడిగే ప్రశ్న కూడా పెట్టె లోపలి నుంచే అడిగేలా పెట్టి ఉంది కాబట్టి, నాకేం, నిక్షేపంగా ఉన్నానని పొద్దుటి నుంచీ పచ్చగా చెబుతోంది.

మొదటి తప్పు లేకపోతే ఇది చాలా ముందే బయటపడేది. ఆమె చేసిన తప్పు కంపెనీ వాళ్ళ తప్పును కప్పి ఉంచింది. దానికి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోను చేసి, ఈ ప్రోగ్రాము రాసినతన్ని లైన్లోకి తెప్పించుకుంది. మా దగ్గర బ్రహ్మాండంగా పని చేస్తోందండీ అన్నాడతను.

"మీ దగ్గర అడిగేదెవరు?"

"నేనే."

"ఏ కంప్యూటర్లోంచి?"

"నా దాంట్లోంచే."

"ప్రోగ్రాము నడిచేది కూడా దాంట్లోనేనా?"

"అవునండీ."

"మా నర్సులు మీ కంప్యూటర్లో లేరు బాబూ. బయట ఉన్నారు."

అవతల కీబోర్డు చప్పుడు మొదలైంది. సరిచేసి కొత్తది పంపేసరికి సాయంత్రమవుతుందని చెప్పాడు. అంతదాకా కుదరదని, కింద మనుషులు నీళ్ళతో బరువెక్కి కూర్చున్నారని, ప్రోగ్రాము మార్చకుండా బయటి నుంచి చెప్పే సెట్టింగేదైనా ఉందేమో చూడమని ఆమె అడిగింది. లేదనుకుంటానన్నాడు. అనుకోవద్దు, వెతకండి, నేను లైన్లోనే ఉంటానంది. లైన్లో ఉండటం ఆమెకు కష్టమైన పని కాదు. పదీ యాభైకి అతను, ఉందండీ, నేనే పెట్టాను, మరిచిపోయానన్నాడు. చెప్పిన మాటను ఆమె అక్షరం అక్షరం వెనక్కి చదివి వినిపించి, అవునన్నాక ఫైల్లో రాసింది. పెట్టెలు నాలుగూ చచ్చి మళ్ళీ పుట్టాయి. పదకొండూ రెండుకి పక్క పెట్టె నుంచి పిలిస్తే పట్టిక పలికింది. పేరు పెట్టి పిలిస్తే పలికింది. బయటి ద్వారం నుంచి పలికింది. చివరగా తన సెల్‌ఫోన్లోంచి, ఆసుపత్రి వైఫై తీసేసి మరీ పిలిచి చూసింది. అప్పటికి రీస్టార్ట్ సారు చెయ్యి ఫోను మీద ఉంది. ఆమె తల ఊపేదాకా ఆయన అంకెలు నొక్కలేదు.

పెద్ద సిస్టర్ నమ్మలేదు. ముగ్గురు రోగుల వివరాలు తెర మీదా, వాళ్ళ కాగితాల్లోనూ పక్కపక్కన పెట్టి చూసుకుని, కుదిరాయన్నాకే మొదటి మనిషిని పదకొండూ ఇరవైకి కూర్చోబెట్టింది. మామగారు పదకొండూ ముప్ఫై అయిదుకి కుర్చీ ఎక్కాడు.

టాక్సీ డ్రైవరుకు హలో అక్కే ఫోను చేసింది. మూడుసార్లు ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తి, అంతా అయిందా, మళ్ళీ సగమేనా అని అడిగాడు. అంతా అయిందని, తన మామగారు కూడా ఇప్పుడు అదే హాల్లో యంత్రం మీద ఉన్నాడని చెప్పింది. అతను మూడింటికి ఆయాసపడుతూ వచ్చాడు. పెద్ద సిస్టర్ ఒక్క మాట కూడా అనకుండా బరువు చూసి, సూదులు పెట్టి, యంత్రానికి కట్టేసి, ఇక నాలుగు గంటలు ఎటూ వెళ్ళలేడని ఖాయం చేసుకున్నాక అప్పుడు తిట్టింది.

మధ్యాహ్నం రీస్టార్ట్ సారు పై వాళ్ళకు పంపాల్సిన నివేదిక రాశాడు. సాంకేతిక కారణాల వల్ల అంతరాయం కలిగినది, పునరుద్ధరించబడినది, అని రెండు వాక్యాలు. ఆమె దాన్ని చదివి, కింద ఖాళీలో అసలు జరిగింది రాసింది. పదమూడు ఫైళ్ళలో ఒకటి వదిలేసింది తనేనని రాసింది. పేరెందుకమ్మా, రేపు ఎవరైనా పట్టుకుని వేలాడతారు అన్నాడాయన. కారణం రాయకపోతే రేపు ఇంకొకరు ఇలాగే దిద్ది ఇలాగే వదిలేస్తారని, కారణం రాసి పేరు దాచితే ఎవరో ఏమిటోనని అందరూ అందరి వైపూ చూస్తారని ఆమె చెప్పింది. ఆయన ఆ కాగితం తీసుకెళ్ళి తన బల్ల మీద చాలాసేపు పెట్టుకున్నాడు. తిరిగి ఇచ్చేటప్పటికి అడుగున ఆయన చేతి రాతతో ఇంకో వాక్యం చేరి ఉంది: పరీక్షించకముందే సర్దుకుందని నర్సులకు ఫోను చేసినది నేను.

నాలుగున్నరకు ఆమె, మామగారు కలిసి ఇంటి బస్సెక్కారు. డయాలిసిస్ అయ్యాక ఆయన మాట్లాడడు. ఒళ్ళు పిండేసినట్టుంటుందని కళ్ళు మూసుకుంటాడు. ఆ రోజు మాత్రం రెండు స్టాపులయ్యాక కళ్ళు తెరవకుండానే, అసలేమైందని అడిగాడు. ఆమె చెప్పింది. విని, తన సంగతి ఒకటి చెప్పాడు. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు ఒక రోడ్డుకు హద్దులు కొలుస్తూ కొలత గొలుసును ఒకసారి తక్కువ లెక్కపెట్టాడట. కాగితం మీద రోడ్డు ఒకాయన వంటింట్లోంచి పోయింది. నోటీసు కూడా వెళ్ళింది. తప్పు తనకు తెలిసిన రోజే ఆ ఇంటికి వెళ్ళి తలుపు తట్టి, మీ వంటిల్లు రోడ్డులో లేదండీ, నేనే తప్పు కొలిచానని చెప్పాడట.

"ఆయనేమన్నాడు?"

"ముందు పడమటి గోడ కూడా చూడమన్నాడు. అదీ తప్పేనేమోనని."

"మరి తప్పేనా?"

"కాదు. అది బాగానే కొలిచాను" అని ఆయన మళ్ళీ నిద్రలోకి జారుకున్నాడు.

నివేదిక పైకి వెళ్ళింది. ఆమెను ఎవరూ పట్టుకుని వేలాడలేదు, మెచ్చుకోనూ లేదు. నెల తిరక్కుండా రెండు ఆజ్ఞలు వచ్చాయి. ఒకటి, పెట్టెల ఆరోగ్యాన్ని ఇకపై లోపలి నుంచి కాక పక్క పెట్టె నుంచి అడగాలి. అది ఆమె అదే వారం చేసేసింది. రెండోది, క్లస్టరులో ఏ ఫైలు మార్చినా ఒకరు రాయాలి, వేరొకరు చదవాలి. ఆ గదిలో ఉన్నది ఇద్దరే కాబట్టి చదివే పని రీస్టార్ట్ సారుకు పడింది. ఆయనకు నచ్చుతుందని ఎవరూ అనుకోలేదు. ఆయన కొత్త కళ్ళద్దాలు వేయించుకున్నాడు. ఆమె పక్కన కుర్చీ వేసుకుని, తెర మీదున్న ప్రతి మాటనూ, చుక్కలూ గీతలతో సహా పైకి చదివేవాడు. అరగంట పని గంటన్నర పట్టేది. ఆమెకు కొన్నిసార్లు ముక్కు మీదకు కోపం వచ్చేది. దాన్ని అక్కడే ఉంచుకునేది.

మందుల దుకాణం ప్రోగ్రాము మారుస్తున్న రోజున ఆయన తొమ్మిదో ఫైలు మధ్యలో ఆగాడు.

"ఇక్కడ ఒక అక్షరం ఎక్కువుందేమో చూడండి" అన్నాడు.

ఆమె చూసింది. ఎక్కువే ఉంది. తీసేసింది. ఆయన తనిఖీ పుస్తకంలో టైము రాసి, పదో ఫైలు చదవటం మొదలుపెట్టాడు.